చిల్లగింజయు చేతిఫోనును

పూర్వము వానకాలమున బానలోని నీరు బురదగా నున్నప్పుడు మన యిండ్లలోని పెద్దవారు చిల్లగింజను తెచ్చి బాన లోపలివైపున అరగదీసెడివారు. గింజ పొడి నీటిలో గలిసి, మట్టిని పట్టుకొని, ఆ మట్టితో కూడ తానును అడుగునకు దిగిపోవును. పైన మిగులునది తేటనీరు. శంకరభగవత్పాదుల పేర ప్రసిద్ధమైన ఆత్మబోధలో జ్ఞానమునకు ఈ గింజయే ఉపమానము. అజ్ఞానమును పోగొట్టి, తాను నిలిచియుండక అణగిపోవుట జ్ఞానముయొక్క స్వభావమని అందలి భావము. ఇంటికి వచ్చి సంస్కృతము నేర్చుకొను పిల్లలకు ఈ సంగతిని నేనెన్నిమారులు చెప్పితినో లెక్కలేదు. చెప్పినప్పుడెల్ల వారు తలలూపిరి, నేనును ఊపితిని; గింజను కన్నులార చూచిన పిల్లవాడు వారిలో నొక్కడును లేడు. ఆ గింజ యొక చేతిఫోనును గూర్చిన తగవులో నాకు పనికివచ్చునని మాత్రము నేనెన్నడును తలపలేదు.

తగవు వచ్చిన విధ మిది. నా పూర్వశిష్యు డొకడు కలడు. షాలిబండలో మా గల్లీలోనే పుట్టి పెరిగినవాడు. ఇప్పుడు మాదాపురమున నొక సంస్థలో కంప్యూటరు పని చేయుచున్నాడు. ప్రొద్దున లేచి మూసీ దాటి పోవును. రాత్రి గల్లీ సద్దుమణిగిన పిమ్మట తిరిగి వచ్చును. మొన్నటి వేసవిలో నొక ఆదివారమున మాయింటికి వచ్చి, కొంతసేపు ఊరక కూర్చుండి, సిగ్గుపడుచు ఒక మాట చెప్పెను. అమెరికాలో తానెన్నడును చూడనివాని కుక్కకు జ్వరము వచ్చిన సంగతి ఆ గడియలోనే తనకు తెలిసినదట. తమ గోడ కవతల నున్న ముసలాయన పోయిన సంగతి మూడవనాడు తల్లి చెప్పినగాని తెలియలేదట. చిన్నతనమున ఆ ముసలాయన భుజముపై నెక్కి పీర్ల ఊరేగింపు చూచినవా డితడు. ఆ బాధతోనే యొక యాప్ తయారు చేయ సంకల్పించెను.

దాని ఉద్దేశ మేమనగా, మనుష్యులు ఫోనును క్రిందపెట్టి ఇరుగుపొరుగువారితో కలిసి మెలగునట్లు చేయుట. నిచ్చెనయు, పెద్ద వంటపాత్రలును, గోడకు రంధ్రము వేయు యంత్రమును ప్రతి యింటను కొననక్కరలేదు. ఒక్కటి యున్న గల్లీ యంతయు వాడుకొనవచ్చును. చెడిపోయిన పంఖాను పారవేయక బాగుచేయువాని యిల్లు తెలిసికొనవచ్చును. తడిచెత్త, పొడిచెత్త వేరు చేయుట, కుళాయి నీరు వచ్చు వేళ లెరుగుట, మోరీ పూడినచో నలుగురిని కూర్చుట, ఇవియు అందులో నుండును. తెరల బొమ్మలు గీసి తెచ్చెను. వానికి తెలుగు పేర్లు పెట్టుమని నన్నడిగెను. నాకు సంతోషమయ్యెను. ఇట్టి పనికి పండితుని పిలిచినవా డెవడు?

నాలుగైదు పేర్లు చెప్పితిని కూడ. పిదప అతడు చూపిన తెరలో నొక చెట్టున్నది. సత్కార్యము చేసిన వారి చెట్టునకు ఒక ఆకు వచ్చును. నిచ్చెన యెరువిచ్చిన ఒక ఆకు, చెత్త వేరు చేసిన ఒక ఆకు, ముసలివారికి మందు తెచ్చిన మూడాకులు. ఎక్కువ ఆకులున్న వారి పేరు ప్రతి ఆదివారమున గల్లీకంతయు ప్రకటింపబడును. "నీ యాప్ గెలిచినదని నీకెట్లు తెలియును?" అని అడిగితిని. "ఎందరు తెరిచిరో, దినమునకు ఎన్నిమారులు తెరిచిరో, ఎంతసేపు చూచిరో లెక్క వచ్చును సార్, పెట్టుబడి పెట్టువా రడుగునది ఆ లెక్కయే" అనెను. ఫోనును క్రిందపెట్టించుటకు పుట్టిన వస్తువు ఎంతసేపు చేతిలో నుండిన అంత గెలిచినట్లు! చిల్లగింజ నాకు స్ఫురించిన దప్పుడే.

కత్తితో కూర తరుగవచ్చును, కుత్తుక కోయవచ్చును. కత్తి దోషమేమి యని వాదించుట మన సభలలో పరిపాటి. ఫోను విషయమున ఈ వాదము నాకు రుచింపదు. కత్తి వంటయింటి మూలను పడియుండును. అర్ధరాత్రమున మ్రోగి, నన్ను చేతబట్టుమని పిలువదు. నిన్న నీ పొరుగింటి కత్తి యెన్ని కూరలు తరిగినదో తెలియునా యని ఊరింపదు. 1971 లోనే హెర్బర్ట్ సైమన్ అను అమెరికా పండితుడు, సమాచారము సమృద్ధియైనచోట మనుష్యుని ధ్యానము కరవగునని చెప్పియున్నాడు. ఆ కరవు సరకును కొని అమ్ముటయే తరువాతి కాలమున గొప్ప వ్యాపార మయ్యెను. వ్రేలితో నెంత త్రోచినను అడుగు తగులని పుట యొకటి కలదు గదా. దానిని 2006 లో రూపొందించిన ఏజా రాస్కిన్ అను నతడు తరువాత తాను చేసినపనికి బహిరంగముగా పశ్చాత్తాపపడెను. చేసినవాడు చెడ్డవాడు కాడు. చదువరికి పుట త్రిప్పు శ్రమ తప్పింపవలెనని చేసినాడు. కాని పుట చివర వచ్చుటలో నొక ఉపకార మున్నదని, అచ్చట చదువరి తలయెత్తి దీపము చూచుననియు, పిల్లలు నిద్రించిరా యని విచారించుననియు అతనికి తోచలేదు. ఇట్టి అడుగులేని బావిలో పొరుగువాని క్షేమమును కూడ వేసినచో తేలునా, మునుగునా?

శిష్యుడు ఊరకుండలేదు. "సార్, మన దక్షిణభాగములో జరిగినదానిని మీరు చూచితిరి గదా, వరదలప్పుడు ఫోను లేకున్న ఎందరు పోయియుందురో" అనెను. ఆ మాట నిజము. కాని దానితో కూడ మరియొకటి చెప్పవలెను. రెండును ఒక ప్రాంతమున, రెండున్నర యేండ్లు నిండకమునుపే జరిగినవి.

2018 మే నెలలో, పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్‌లో వదంతులు మన రాష్ట్రమంతట వ్యాపించెను. ఎవరు వ్రాసిరో, ఏ యూరిలో నెవరి బిడ్డ పోయెనో ఎవరికిని తెలియదు. రంజాను దినములలో చాంద్రాయణగుట్టలో భిక్షమెత్తుకొనుచున్న హిజ్రాలపై గుంపు పడెను. ఒకరు దెబ్బలకు మరణించిరి. కొట్టినవా రందరును పుట్టు దుర్మార్గులని నేను నమ్మజాలను. తమ పిల్లలను కాపాడుకొనుచున్నా మనియే వారి భ్రమ. ఆ యేటి జూలైలో వాట్సాప్ సంస్థవారు ఒక సందేశమును మన దేశమున నొకమారు అయిదుగురికంటె నెక్కువమందికి పంపుటకు వీలులేకుండ చేసిరి. మంచిదే, కాని అయిదుగురికి పంపిన అబద్ధము అబద్ధమే గదా.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన వానకు ఫలక్‌నుమా చేరువ అల్ జుబైల్ కాలనీ మునిగెను. తరువాత కొన్ని దినములకే గుర్రంచెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ ఇండ్లలో నీరు సొచ్చెను. అప్పుడును సందేశములే. పలాని మసీదు వెనుక రెండవ మిద్దెపై ఆరుగురున్నారు, అందొక బాలెంత యున్నది, త్రాడు కావలెను. పలానిచోట అన్నము సిద్ధము, మోయువారు లేరు. హిందువు వండినది ముస్లిము మోసెను, ముస్లిము వండినది హిందువు మోసెను. ఎవరు వండిరని ఆకలిగొన్నవా డడుగలేదు.

ఒకే ఫోను, ఒకే ప్రాంతము, చాలవరకు ఒకే మనుష్యులు. భేద మెచ్చట? నేను చాలదినము లాలోచించి కనుగొన్న దిది. 2018 నాటి సందేశమునకు ఊరు లేదు, పేరు లేదు, వేళ లేదు. అది మనుష్యుని నేమియు చేయుమనలేదు; భయపడి ఇంకొకరికి పంపుమనెను. పంపిన కొలదిని అది బలిసెను. దానికి చావు లేదు. 2020 నాటి సందేశమునకు చోటున్నది, వేళ యున్నది, కావలసిన వస్తువున్నది. ఒకడు త్రాడు తీసికొని పోయిన తోడనే ఆ సందేశము పని తీరెను. "చేరినది, ఇక పంపకుడు" అని వెనుకనే మరియొకటి వచ్చెను. పని తీరగానే చచ్చిపోవు మాట యది. బురదతో కూడ అడుగునకు దిగిన గింజ యది.

అమెరికాలో ఇరుగుపొరుగువారికొరకే పుట్టిన యాప్ యొకటి కలదు. నెక్స్ట్‌డోర్ అని దాని పేరు. 2011 లో ప్రారంభమైనది. పిల్లిని పోగొట్టుకొన్నవారు, పాత బల్ల నిచ్చువారు దానియందు కలిసికొనిరి. కొంతకాలమునకు అందు మరియొక వ్రాత మొదలిడెను: మన వీథిలో నొక నల్లవాడు నిలిచియున్నాడు, జాగ్రత్త! అతడేమి చేసెనని అడిగిన ఏమియు లేదు; నిలిచెను. ఓక్లండు నగరవాసులు గోలపెట్టగా 2016 లో ఆ సంస్థవారు తమ పద్ధతిని మార్చిరి. అనుమానితుని గూర్చి వ్రాయువాడు జాతి నొక్కదానినే చెప్పక, కట్టిన బట్టలు మొదలగు గురుతులను, అతడు చేసినపనిని కూడ వ్రాసితీరవలె ననిరి. పొరుగును కూర్చుటకు పుట్టిన వస్తువు పొరుగువానికి కావలి కాయ నేర్చుటకు ఎంతో కాలము పట్టలేదని శిష్యునితో నంటిని. మన గల్లీలో అరువదియేండ్లుగా రెండు మతముల వారును ఒక్క మోరీని పంచుకొనుచున్నారు. "ఎవరో క్రొత్తవారు వచ్చిరి" అను ఒక్క తెర నీ యాప్‌లో నున్న, ఆ మోరీ రెండు కాగలదు. అతడు ఆ తెరను మారుమాటాడక కొట్టివేసెను. అది తన జాబితాలో నిజముగనే యుండెనట.

ఇచ్చట వరద మాట యింకొకటి చెప్పి ముందునకు పోయెదను. వరద వచ్చినప్పుడు మనము సోదరులము. రానప్పుడు చెరువెక్కడ నున్నదో యెరుగము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టబెట్టుకొనినప్పుడు ఆసుపత్రి ఆవరణలోని యొక చింతచెట్టు నూటయేబదిమందిని కాపాడెనని ప్రతీతి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రిలో నున్నది. ఆ వరద తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్ సాగరము 1920 లోను, హిమాయత్ సాగరము 1927 లోను ఏర్పడినవి. అంతకు నూరేండ్లకు పూర్వమే మీర్ ఆలం చెరువునకు ఇరువదియొక్క కమానుల కట్ట కట్టిరి. వీరెల్లరు కట్టినవానికి దిగువను మనము చేసినదేమనగా, నీరు పోవు దారులలో ఇండ్లు కట్టుకొనుట. చెరువు త్రవ్వించుటను సప్తసంతానములలో నొకటిగా చెప్పుకొను జాతి మనది. ఆ సంతానము కడుపుపై గోడలు లేపితిమి. మన మోరీ ఏ నాలాలో కలియును, ఆ నాలా ఏ చెరువునుండి వచ్చును, నేడు దానియం దెవరు మట్టి పోయుచున్నారు, ఇది గల్లీలో ప్రతివారికిని తెలిసియుండిన 2020 నాటి పడవలు కొన్నియైన అక్కరలేకపోయెడివి. ఈ యొక్క తెర మాత్రము తప్పక యుండవలెనని నేనే పట్టుబట్టితిని. పటము గీయుటలో యంత్రము మనకంటె నేర్పరి.

ఇక ఆకుల సంగతి. పొరుగువానికి మందు తెచ్చి ఆకు సంపాదించుట నాకు రోతగా తోచెను. లెక్కపెట్టిన దయ వర్తక మగును; ఆకుకొరకు మందు తెచ్చువాడు ఆకు రానిచోట తేడు. ఈ మాట కొంచెము గట్టిగనే చెప్పితిని. శిష్యుడు నవ్వి, "సార్, మీరు నాకు నీతిపాఠమునకు మార్కులు వేసితిరి గదా. సత్యము పలుకవలెనని వ్యాసము వ్రాసినందుకు పదింటికి తొమ్మిది వచ్చినవి. ఆ వ్యాసము మా అక్క వ్రాసియిచ్చినది" అనెను.

నేను నిరుత్తరుడనైతిని. ఇరువదియేండ్లకు పైగా నేను చేసిన దదియే గదా. మార్కులు లేనిచో పిల్లలు చదువరని నేను నమ్మితిని, ఆకులు లేనిచో పెద్దలు కదలరని అతడు నమ్మినాడు. మొదట చేయూతగా నిచ్చిన ఆశ క్రమముగా తొలగింపవచ్చునని అతని వాదము. నడక నేర్చు బిడ్డకు మూడుచక్రముల బండి వలె. బండి నెప్పుడు తీసివేయుదువని అడిగితిని. ఆలోచించి, "తీసివేసిన లెక్క తగ్గును, లెక్క తగ్గిన మావారు ఒప్పుకొనరు" అనెను. నా బడిలోను అట్లే. మార్కులు తీసివేసిన తరగతిని నేను చూడలేదు. కావున ఈ విషయమున నేను గెలిచితినని వ్రాసికొనను. మాయిద్దరి దోష మొక్కటే యని తెలిసినది, అంతే.

ఆకుల విషయము తేల్చినది నేనును కాదు, అతడును కాదు. మా యెదురింటి వరుసలో నొక వృద్ధురాలు కలదు. గల్లీవార మందరమును ఆమెను ఖాలా అనియే పిలుతుము. లాడ్ బజారులో అమ్ముడుపోవు లక్కగాజులకు రాళ్ళు అతుకుట ఆమె జీవనము. గుమ్మమునకు పరదా; పరదాకు ప్రక్కగా ఆమె పీట. ఎవరి యింట పొయ్యి రాజలేదో, ఎవరి కోడలికి నెలలు నిండినవో ఆమెకు తెలిసినట్లు మరెవరికిని తెలియదు. ఫోను లేదు. మనుమని కున్నది, వాడు దానిని దాచుకొనును. శిష్యుడు తన తెరలను ఆమెకు చూపి, ఉర్దూలో వివరించి, "ఖాలా, బియ్యము కావలెనన్న ఇచ్చట నొక్కిన చాలును" అని చెప్పెను.

ఆమె చాలసేపు చూచెను. పిదప, "నేనడిగినట్లు అందరికిని తెలియునా, బేటా?" అని అడిగెను.

తెలియును, తెలిసినగాని ఇచ్చువారెట్లు వత్తురు, అని అతడు చెప్పెను. ఆమె గాజును మరల చేతికి తీసికొని తన పని చేసికొనసాగెను. ఆ పరీక్ష అంతటితో ముగిసెను.

2020 నాటి మహమ్మారిలో గల్లీలు మూతపడినప్పుడు మాయొద్దకును బియ్యపు సంచులు వచ్చినవి. ఇచ్చువాడు ఒక చేత సంచి పట్టి, మరియొక చేత ఫోను పట్టి, పుచ్చుకొనువారి ముఖము ఫోటో తీసెడివాడు. రెండవ దినమున వరుసలో సగముమంది లేరు. ఆకలి తీరి కాదు. ఖాలా ఆ దినములలో చేసిన పని నేను తరువాత విని యాశ్చర్యపడితిని: ఒక యింటి గిన్నె నింకొక యింటికి "మీ గిన్నె మాయొద్ద నిలిచిపోయినది" అని పంపెడిదట, గిన్నెలో ఏదో యొకటి యుండెడిది. ఆ గిన్నె వారిది కాదని యిద్దరికిని తెలియును. తైత్తిరీయోపనిషత్తులో గురువు శిష్యునకు దానవిధి చెప్పుచు లజ్జతో నిమ్మని కూడ చెప్పినాడు. ఇచ్చువాడు సిగ్గుపడవలె నన్నమాట. మన క్రొత్త దానములలో సిగ్గుపడు పని పుచ్చుకొనువాని కప్పగించితిమి. ఆకులచెట్టు చేయునది ఈ అప్పగింతయే. నీకు మూడాకులు రావలెనన్న ఒక ముసలిది మందులేక పడియున్నదని గల్లీకంతయు తెలియవలెను. శిష్యుడు ఆ రాత్రియే చెట్టును పెరికివేసెను. నా శ్లోకము చేయలేనిది గాజుల పీట చేసెను.

మొహరము దినములలో మా ప్రాంతమున సబీలు పెట్టుదురు. దారిన పోవు ప్రతివానికి నీరో షర్బతో ఇత్తురు. ఎండకాలమున చలివేంద్రము మనము పెట్టుదుము. రెంటియందును త్రాగువాని పేరడుగరు. ఇట్టివి గల ఊరికి యాప్ యేల యని అడుగువారు కలరు. నేను వారితో నేకీభవింపను. సబీలు దారిపై నున్నది కావున దారి నడచువానికి కనబడును. మా శిష్యుని వంటివారు దారి నడువరు, వాహనమెక్కి దాటిపోవుదురు. 2003 లో అమెరికాలో టుసాన్ నగరమున, పారవేయు వస్తువులను ఉచితముగా ఇచ్చిపుచ్చుకొను ఫ్రీసైకిల్ అను ఏర్పాటు పుట్టెను; 2009 లో ఆమ్‌స్టర్‌డాములో చెడిన వస్తువులను పదిమంది కూర్చుండి బాగుచేసికొను రిపేర్ కేఫే పుట్టెను. ఇవి చదివి నాకు నవ్వు వచ్చెను, ఏలయనగా పురానాపూల్ చేరువ జుమేరాత్ బజారు ఎప్పటినుండియో నున్నది. అచ్చట దొరకని పాత మరలేదు. అయితే ఆమ్‌స్టర్‌డాము వారు ఒక్కటి చేర్చిరి: బాగుచేయువానిప్రక్కన వస్తువు తెచ్చినవాడు కూర్చుండవలెను. ఆ కూర్చుండుటయే మనము పోగొట్టుకొన్నది.

కూర్చుండుట కొకచోటు కావలెను గదా. పాతబస్తీ యిండ్ల ముందు చబూత్రాలుండెడివి, మన యరుగులు. దారి వెడల్పు కొరకు కొన్ని పోయినవి, బండ్లు నిలుపుటకు కొన్ని పోయినవి. మిగిలినవానిపై యువకులు అర్ధరాత్రము దాటువరకు కూర్చుండుచు అల్లరి చేయుచున్నారని 2015 ప్రాంతమున పోలీసువారు మిషన్ చబూత్రా యను పేర వారిని కొనిపోయి, తల్లిదండ్రులను పిలిపించి బుద్ధి చెప్పిరి. సంతోషించిన తల్లులను నేనెరుగుదును. వారి సంతోషమునకు కారణము లేకపోలేదు. కాని రాత్రి రెండింటివరకు అరుగుపై నున్నవాడు తరువాత రెండింటివరకు పరుపుపై ఫోనుతో నున్నాడు. అల్లరి కనబడుటలేదు. ముందు అరుగు తీసివేసి, పిదప అరుగుపై కూర్చుండుటను నేర్పు యాప్ కొరకు పెట్టుబడి వెదకుచున్నాము.

శిష్యుని యాప్ ఇప్పుడు చాల చిన్నదైనది. గోలకొండ పత్రిక 1926 లో పుట్టిన దినములలో చదువురానివారికి చదివినవాడు పత్రిక వినిపించుట మన తెలంగాణ పల్లెలలో సామాన్యము; ఒక ప్రతి, పదిజతల చెవులు. ఇప్పుడు పదిమంది నడుమ పది ప్రతులు, ఒక్క చెవియు లేదు. ఈ మాటనుండియే అతని కాలోచన తట్టెను. గల్లీకి ఒక్క ఫోనే చాలును. అది కిరాణా దుకాణము వాని యొద్ద నుండును. కావలసినవారు తమ ఫోనునుండి పంపవచ్చును, లేదా దుకాణమునకు వచ్చి నోట చెప్పవచ్చును. పేరు వ్రాయరు, వస్తువు మాత్రము దుకాణము గోడనున్న నల్లబల్లపై సుద్దతో వ్రాయుదురు. పని తీరగానే తుడిచివేయుదురు. యాప్ తనలోని వ్రాతను గూడ ఆ రాత్రికే చెరిపివేయును. బియ్యము వంటివి బల్లమీదికి రావు. అవి ఖాలా చెవిని వేయబడును. ఆమె యొప్పుకొన్నది, కాని జీత మడిగినది. న్యాయమే.

డబ్బు చిక్కు తీరలేదు. ప్రకటనదారుల కన్నులు కావలెను. దొరతనమువారికి అంకెలు కావలెను. గల్లీ దీపమునకు, కావలివానికి చందా వేసికొన్నట్లు దీనికిని వేసికొనవలెనని నా అభిప్రాయము. కాని కావలివాని చందాయే మూడు నెలలుగా మాలో కొందరు బాకీ, అందు నేనొకడను. చిల్లగింజయును ఊరక దొరకదు, ఎవడో అడవికి పోయి యేరి తేవలెను. ఐవాన్ ఇలిచ్ 1973 లో వ్రాసిన గ్రంథమున, మనుష్యుని వశమున నుండు పనిముట్లు వేరు, మనుష్యుని వశము చేసికొను పనిముట్లు వేరని విభజించెను. ఏరి తెచ్చినవానికి కూలి యెవరు ఇయ్యవలెనను చిక్కును మాత్రము మాకే విడిచెను. శిష్యుడు తన యుద్యోగమును విడువలేదు. రాత్రులు ఈ పని చేయుచున్నాడు, అనగా ఇప్పటికిని గల్లీలో నుండుటలేదు. ఇది నేనతనితో నన్నప్పుడు అతడు నా వంక చూచి, మీరు బల్ల చూచుటకు పోయితిరా యని అడిగెను.

నిన్న పోయితిని. మొదటి వరుస తెలుగులో నున్నది: నిచ్చెన కావలెను, రెండు దినములకు. దాని క్రింద ఎవరో ఉర్దూలో వ్రాసిరి. నలువది యేండ్లకు పైగా ఈ గల్లీలో నుండి, సంస్కృతమును ఆంగ్లమును నేర్చి, నేను ఆ లిపిలో అలిఫ్ దాటి చదువలేను. ప్రక్కన పాలపొట్లము కొనుచున్న పిల్లవానిని పిలిచితిని. వాడు చదివి చెప్పెను: నిచ్చెన మాయింట నున్నది, నడిమి మెట్టు ఊగుచున్నది, తీసికొనిపోవువారు మేకులు తెచ్చుకొనవలెను.